‘తెలియజేసినవారు’ అన్న వరుస

నేను మనుషుల మీద తొందరగా విసుక్కుంటాను. గొప్పకి చెప్పడం లేదు. ఇది ముందే తెలిస్తే తర్వాత జరిగింది సులువుగా అర్థమవుతుందని చెబుతున్నాను. మా బృందంలో నా ముద్దుపేరు ‘కత్తెర’. ఎవరు ఎంత కష్టపడి ఏం రాసి పంపినా సగం కత్తిరించి, మిగతా సగంలో నాలుగు తప్పులు పట్టి తిప్పి పంపుతానని ఆ పేరు పెట్టారు. చాలా ఏళ్లు ఆ పేరు విని లోలోపల మురిసిపోయాను.

మా బృందమంటే ఒక డేటాబేస్ చుట్టూ చేరిన మనుషులం. సమాచారాన్ని వరుసలు వరుసలుగా దాచిపెట్టి, అడిగినప్పుడు తీసి ఇచ్చే ప్రోగ్రామ్ అది. దానికి యజమాని లేడు. దాని లోపలి రాతంతా బహిరంగమే. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. ఆ దిద్దుబాటును అసలు రాతలో చేర్చే హక్కు మాత్రం ప్రపంచం మొత్తమ్మీద ఓ ముప్పై మందికే ఉంది. మా ఊళ్లో ఒక్కడికే ఉంది, ఆ ఒక్కడూ నేనే. జీతం లేదు, కుర్చీ లేదు, బల్ల లేదు. ఉన్నదల్లా ఒక చిట్టా. ఏ మార్పు ఏ రోజు ఎందుకు చేర్చామో అందులో రాస్తాం. దాని కింద మూడు వరుసలుంటాయి: రాసినవారు, పరిశీలించినవారు, తెలియజేసినవారు. ఊరికే పనిచేసేవాళ్లకి మా దగ్గర దక్కేది ఆ వరుసలో పేరొక్కటే. ఒకసారి చిట్టాకెక్కింది చెరపడానికి వీల్లేదు. కొత్తగా చేరినవాళ్లకి ఈ నియమం నేర్పేది కూడా నేనే.

ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం, కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పైగదిలో కలుస్తాం. పదిహేను కుర్చీలు, ఒక ఫ్లాస్కు టీ, ఎడమ పక్కంతా పచ్చగా చూపించే ప్రొజెక్టరు. ఒక కాలేజీ లెక్చరరు ఆ సమావేశాలు నడిపిస్తుంది. ఆరేళ్ల కిందట ఒక శనివారం అందరికంటే ముందొచ్చి, మూడో వరుసలో గోడ పక్కన కూర్చున్న మనిషి గురించే ఈ రాతంతా.

ఆమె పెద్దాసుపత్రిలో రికార్డుల గది గుమాస్తా. పంతొమ్మిదో ఏట ఫైళ్లు మోసే పనికి చేరి, ట్రాలీ తోసి తోసి చివరికి ఆ గదికే పెద్దదిక్కయింది. నాలుగు లక్షల ఫైళ్లు, రెండు వందల పన్నెండు రాక్‌లు. ఎవరో ఇంజనీరు వచ్చి, మూలన పడున్న కంప్యూటర్లో మా డేటాబేస్ పెట్టి, ఏ రోగి ఫైలు ఏ రాక్‌లో ఉందో వెతుక్కునే ఏర్పాటు చేసి చేతులు దులుపుకుని వెళ్లిపోయాడట. మిగిలిందంతా ఆమె సొంతంగా నేర్చుకుంది. పన్నెండు వందల పేజీల మా మాన్యువల్ ప్రింటు తీసి, ఫైలు అట్టల మధ్య కుట్టుకుని, పెన్సిలుతో గీతలు పెడుతూ చదివింది. నాకు తెలిసి ఈ ఊళ్లో దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివిన మనిషి ఆమె ఒక్కతే. నేనూ చదవలేదు.

మేం ఆమెని ‘దస్త్రాలక్క’ అనేవాళ్లం. దుమ్ముకి ముక్కు కట్టుకునే రుమాలు మెడలో, పెన్సిలు చెవి మీద ఎప్పుడూ ఉండేవి. మనుషుల్ని మొహాలకన్నా రాక్ నంబర్లతో బాగా గుర్తుపెట్టుకునేది. మొదటి రోజే లెక్చరరుని చూసి, “మీది ఎనభై ఏడో రాక్, పై అర. చాలా లావు ఫైలు” అంది. ఇంకేం బయటపెడుతుందోనని లెక్చరరు అప్పట్నుంచి ఆమెకి రెండు కప్పులు టీ పోసేది. నన్ను ఆ రోజు నుంచే ‘తమ్ముడూ’ అంది. నా నోటికి బెదరని మనిషి ఆ గదిలో ఆమె ఒక్కతే. నేనెవరి మీదైనా ఎగిరితే, “అలా కసిరితే వాళ్లు మళ్లీ రాయరు తమ్ముడూ, నష్టం నీకే” అనేది.

ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. సమావేశం ముగిసే వేళకి వచ్చి కింద మెట్ల మీద కూర్చునేవాడు. “ఏం బావమరిదీ, మా ఆవిడ మీ మిషను పాడుచేసిందా” అని అడిగేవాడు. “మిషను బాగానే ఉంది బావగారూ, నా బుర్రే పాడైంది” అనేవాణ్ణి. ముగ్గురం వీధి చివరిదాకా నవ్వుకుంటూ నడిచేవాళ్లం.

చిట్టాలో ఏదీ చెరపకూడదని నేను చెప్పిన రోజు ఆమె చాలా సంతోషించింది. “మా గదిలోనూ ఇంతే. తెల్లరంగు పూయకూడదు, బ్లేడుతో గీకకూడదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టాలి, కింద అక్షరాలు కనబడాలి. పైన సరైంది రాసి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. మీ వాళ్లూ బుద్ధిమంతులే” అంది. ఆ ఉదాహరణ నాకు ఎంత నచ్చిందంటే, కొత్తవాళ్లకి అదే చెప్పడం మొదలుపెట్టాను. అది ఎవరి మాటో ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత ఒక రోజు ఆమె మా మెయిలింగ్ లిస్టుకి పెద్ద ఉత్తరం రాసింది. మేమంతా ఎక్కడున్నా ఈమెయిళ్లతో మాట్లాడుకునేది ఆ లిస్టులోనే. ఆసుపత్రిలో పట్టపగలు కరెంటు పోయింది. సరిగ్గా ఆ సమయానికి డేటాబేస్ తన నకలు తాను తీసుకుంటోంది. కరెంటొచ్చాక మామూలుగానే లేచింది, ఒక్క హెచ్చరికా చూపించలేదు. అక్క మాత్రం తన అలవాటు ప్రకారం ఆ రోజు ఎక్కించిన పేర్లని చేతి నోటుబుక్కుతో సరిచూసుకుంది. పంతొమ్మిది మంది లేరు. నోటుబుక్కులో పేర్లూ వేళలే తప్ప రాక్ నంబర్లు లేవు.

మా డేటాబేస్ ఏ పని చేసినా ముందు ఒక డైరీలో రాసుకుని, ఆ తర్వాత అసలు చోట రాస్తుంది. పడిపోయి లేచినప్పుడు డైరీ తిరగేసి, మిగిలిన పని పూర్తిచేసుకుంటుంది. “తిరగేసేటప్పుడు ఒక పేజీ దాటేస్తోందని నా అనుమానం” అని అక్క రాసింది. నోటుబుక్కు ఫొటోలు పెట్టింది, నిమిషాలతో సహా వేళలు ఇచ్చింది. ఏం చేస్తే మళ్లీ జరుగుతుందో తొమ్మిది మెట్లుగా రాసింది. తొమ్మిదోది: ప్లగ్గు పీకండి.

నేను ఎనిమిది మెట్లు చేశాను. నా లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, ప్లగ్గు పీకినా దానికేం కాదు. బ్యాటరీ లేని పాత యంత్రం అటక మీదుంది. అటక ఎక్కడానికి బద్ధకించి, ప్లగ్గు పీకే బదులు ప్రోగ్రామ్‌ని ఆగమని ఆజ్ఞ ఇచ్చాను. అది బుద్ధిగా చేతిలో పేజీ ముగించి మరీ ఆగింది. మళ్లీ లేపితే పేర్లన్నీ ఉన్నాయి. ఇది ప్రోగ్రాములు రాసేవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు. గుమాస్తా చేయదు, ప్లగ్గు పీకమంటే ప్లగ్గే పీకుతుంది.

“నా దగ్గర జరగడం లేదు. మీ డిస్కు పాతది, మార్చండి” అని రెండు ముక్కలు రాసి రిపోర్టు మూసేశాను.

ఆ శనివారం ఆమె నా కుర్చీ దగ్గరికొచ్చింది. “తమ్ముడూ, ఒక్కసారి మా గదికొచ్చి చూస్తావా. బస్సెక్కితే ఇరవై నిమిషాలు” అంది. వస్తానన్నాను, వెళ్లలేదు. మరుసటి నెల మళ్లీ అడిగింది. “ఆ డిస్కుకి నీకన్నా ముందు రిటైర్మెంటు ఇవ్వక్కా” అన్నాను. గదంతా నవ్వింది. తనూ నవ్వి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, టీ తాగకుండానే వెళ్లిపోయింది. ఆ తర్వాత రాలేదు. అలిగిందనుకున్నాను. అలక తీరితే తనే వస్తుందిలే అనుకుని ఫోను కూడా చేయలేదు.

ఆమె ఉత్తరం రాసిన పద్నాలుగు నెలలకి, దూరదేశంలో ఒక పెద్ద కంపెనీ ఇంజనీరు అదే ఫిర్యాదు పంపాడు. కంపెనీ పెద్దది కాబట్టి అటక ఎక్కాను. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే. అతనిచ్చిన వివరాలు చాలలేదు. అప్పుడు అక్క ఉత్తరం గుర్తొచ్చింది. వెతికి తీసి, తొమ్మిది మెట్లూ వరుసగా చేసి, పాత యంత్రం ప్లగ్గు పీకాను. లేచింది, పేర్లు లేవు. మళ్లీ చేశాను, మళ్లీ లేవు. ఆమె అనుమానపడ్డ చోటే, డైరీ పేజీ తిరిగే చోటే, ఒకే ఒక్క వరుస తప్పుంది. ఎవరు చేర్చారా అని చిట్టా చూస్తే నా పేరే కనబడింది.

దిద్దడానికి ఒక పూట పట్టింది. చిట్టాలో దాని గురించి పదకొండు వరుసలు రాయడానికి ఇంకో పూట పట్టింది. ‘తెలియజేసినవారు’ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆమె పేరు రాస్తే ఉత్తరం తేదీ కూడా రాయాలి, అది పద్ధతి. తేదీ రాస్తే, సమాచారాన్ని మింగేసే లోపాన్ని తెచ్చి చేతిలో పెట్టినా పద్నాలుగు నెలలు పక్కన పడేశానని అందరికీ తెలిసిపోతుంది. ఇంజనీరు పేరొక్కటే రాశాను. కదిలించింది అతని ఉత్తరమే కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నేను మర్చిపోలేదు. ఆమె పేరు ఇంటిపేరుతో సహా తెలిసుండి రాయలేదు. మెచ్చుకుంటూ నలభై ఉత్తరాలొస్తే అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చాను.

ఆరు వారాల తర్వాత ఒక శనివారం, ఎప్పుడూ కింద మెట్ల మీద కూర్చునే మనిషి మెట్లెక్కి పైకొచ్చాడు.

“మా ఆవిడకి చెప్పకుండా వచ్చాను” అన్నాడు గుమ్మంలోనే. లెక్చరరు కుర్చీ జరిపినా కూర్చోలేదు.

ఆయన చెప్పింది ఇది. ఆ పంతొమ్మిది మందిలో ఒక పెద్దాయనకి ఏ మందు పడదో పాత ఫైల్లో ఉంది. ఫైలు దొరకలేదు. అదే మందు మళ్లీ ఇస్తే ఒళ్లంతా దద్దుర్లెక్కి వారం రోజులు మంచం మీదున్నాడు. ఆయన కొడుకు ఫిర్యాదు చేశాడు. నేను ఎక్కించానండీ అని అక్క చెప్పింది. కంప్యూటర్లో లేదంటే ఎక్కించనట్టే అన్నారు. నోటుబుక్కు చూపిస్తే, నీ రాతకి నువ్వే సాక్ష్యమా అన్నారు. మెమో ఇచ్చి, ఉతికొచ్చిన దుప్పట్లు లెక్కపెట్టే గదికి మార్చారు. అప్పటికి పదమూడు నెలలైంది. గురువారం ఆఖరి విచారణ. రుజువు లేకపోతే ‘నిర్లక్ష్యం’ అని సర్వీసు పుస్తకంలో ఎక్కుతుంది, మళ్లీ రికార్డుల గది గుమ్మం తొక్కనివ్వరు.

“మీ దాంట్లో ఏదో లోపం దొరికిందని విన్నాను. తప్పు మా ఆవిడది కాదని ఒక కాగితం ఇస్తారా. ముద్ర ఉంటే మంచిది” అన్నాడు.

మాకు ముద్ర లేదు, లెటర్‌హెడ్ లేదు, అసలు ఆఫీసే లేదు.

“చిట్టా ఉందిగా” అంది లెక్చరరు. “అంతకన్నా గట్టి కాగితం ఏముంటుంది. ఆవిడ పేరు, తేదీ అన్నీ ఉంటాయి. ప్రింటు తీసిద్దాం.”

ఆమె ప్రొజెక్టరు వెలిగించింది. నా పదకొండు వరుసలూ గోడ మీద పడ్డాయి.

ఆయన కళ్లజోడు పెట్టుకుని గోడకి దగ్గరగా వెళ్లాడు. విప్పిన గడియారంలోకి చూసేటంత శ్రద్ధగా ఒక్కో మాటా చదివాడు. తన నీడ వరుసల మీద పడుతుంటే పక్కకి జరిగి చదివాడు. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చాడు.

“ఇందులో మా ఆవిడ పేరు ఎక్కడుంది బావమరిదీ” అన్నాడు.

“జారిపోయింది బావగారూ. పొరపాటున” అన్నాను.

ఆయన కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకుని, “సరే” అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. నిజం చెప్పే వీలు నాకు రెండోసారి దొరికింది, రెండోసారీ అబద్ధమే చెప్పాను. ఆ రోజు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

మర్నాడు పొద్దున్నే చిట్టా తెరిచి కూర్చున్నాను. పాత వరుస చెరిపేసి, ఎవరికీ తెలియకుండా కొత్తది పెట్టొచ్చేమో అనిపించింది. అందరికీ నియమం నేర్పేవాడికే ఆ బుద్ధి పుట్టింది. అప్పుడు అక్క మాట గుర్తొచ్చింది: ఒక్క గీత, పక్కన సంతకం. మార్పేదీ లేకుండా చిట్టాలో కొత్త రాత ఎక్కదు కాబట్టి, ఆ లోపం దిద్దిన చోటే ఒక చిన్న వివరణ సవరించాను. అది నెపం మాత్రమే. ఆ సవరణ పేరు మీద చిట్టాలో ఇలా రాశాను:

“ఈ లోపాన్ని మొదట తెలియజేసింది వేరొకరు. పద్నాలుగు నెలల ముందే తొమ్మిది మెట్లతో సహా రాశారు. నేను తొమ్మిదోది చేయకుండానే రిపోర్టు మూసేశాను. లోపం నేను చేర్చిందే. దిద్దడానికి వాడుకున్నది ఆమె ఉత్తరాన్నే. ఆమె పేరు వదిలేసింది పొరపాటున కాదు.”

కింద ఉత్తరం తేదీ, తెలియజేసినవారు అన్న చోట ఆమె పూర్తి పేరు రాసి చేర్చేశాను. ఆ సాయంత్రానికల్లా లిస్టులో గొడవ మొదలైంది. నా హక్కు తీసేయాలని కొందరన్నారు. నేను కాదనలేదు.

గురువారం అటక మీది యంత్రాన్ని ఎత్తుకుని బస్సెక్కాను. పద్దెనిమిది నిమిషాల్లో ఆసుపత్రి ముందు దిగాను.

విచారణ గదిలో పొడుగాటి బల్ల వెనక సూపరింటెండెంటు, ఆయనకి అటూ ఇటూ ఇద్దరు అధికారులు. అక్క గోడ పక్క కుర్చీలో కూర్చుంది. చిక్కిపోయింది, చెవి మీద పెన్సిలు లేదు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, పలకరించనూ లేదు. నేను ప్రింటు బల్ల మీద పెట్టాను. సూపరింటెండెంటు దాన్ని ముందూ వెనకా తిప్పాడు.

“ఇది ఏ కంపెనీ వాళ్లిచ్చింది?”

“కంపెనీ లేదండీ.”

“మరి ఈ సాఫ్ట్‌వేర్ ఎవరిది?”

“ఎవరిదీ కాదండీ. అందరిదీ.”

“అందరిదీ అయితే కాగితం మీద సంతకం ఎవరు పెడతారు?”

“తప్పు చేసినవాడు పెడతాడండీ. నేను పెడతాను.”

యంత్రం వాళ్ల ముందే తగిలించాను. లోపం దిద్దకముందున్న పాత డేటాబేస్ లేపి, ఆ గదిలో ఉన్న ఐదుగురి పేర్లూ ఎక్కించాను. అక్క రాసిన మెట్లు పైకి చదువుతూ ఎనిమిదిదాకా చేశాను. తొమ్మిదోది అక్కనే చేయమన్నాను. ఆమె లేచి వచ్చి, వంగి, ప్లగ్గు పీకింది. మళ్లీ తగిలించాక యంత్రం ఒక్క హెచ్చరికా లేకుండా లేచింది. పేర్లు చూపించమని అడిగితే ఒక్కటీ లేదు. తన పేరు కోసం సూపరింటెండెంటు తెర మీదకి వంగి చూశాడు.

“ఈవిడ మీకు చెప్పిన రోజే మీరిది చేసుంటే?” అన్నాడు చివరికి.

“రెండు రోజుల్లో తేలిపోయేదండీ. మెమో దాకా వచ్చేది కాదు.”

ఆయన అక్క వైపు చూడలేక కాగితం వైపు చూశాడు. మెమో వెనక్కి తీసుకుంటున్నామని, సోమవారం నుంచి పాత గదికే వెళ్లమని చెప్పాడు. ఆమె నమస్కారం పెట్టి బయటికి నడిచింది. నేను యంత్రం ఎత్తుకుని వెనకాలే వెళ్లాను.

“అక్కా, నేను చేసింది…” అన్నాను నడవాలో.

“జారిపోలేదని మా ఆయన ఆ రోజే చెప్పాడు” అంది. “గడియారం సరిగా ఆడకపోతే చెవికి తెలిసిపోతుందట ఆయనకి.” రుమాలుతో మొహం తుడుచుకుంది. “పేరు సంగతి నాకు పట్టింపు లేదు. పేరు రాయనివాళ్లని చాలామందిని చూశాను. రెండుసార్లు నోరు విడిచి అడిగాను. ఇరవై నిమిషాల బస్సు. దుప్పట్లు లెక్కపెట్టినన్నాళ్లూ అదే తలుచుకున్నాను.”

ఆమె మెట్లు దిగి వెళ్లింది. కింద ఆమె భర్త నిలబడి ఉన్నాడు. తల ఎత్తి నా వైపు చూడలేదు.

మరుసటి బుధవారం లిస్టుకి ఆమె ఉత్తరం వచ్చింది. పంతొమ్మిది ఫైళ్లలో పదహారు, బదిలీకి ముందే రాక్ రాక్ గాలించి దొరకబట్టిందట. “మూడు ఇంకా దొరకలేదు. మీరు మార్చమన్న డిస్కు మార్చాను గానీ పారేయలేదు. దాటేసిన డైరీ పేజీ అందులో ఉండాలి. మీ వల్ల అవుతుందేమో చూడగలరు” అని రాసింది. ఉత్తరం చదివిన గంటలో బస్సెక్కాను.

రికార్డుల గది గుమ్మం దగ్గర బయటివాళ్లు సంతకం చేసే రిజిస్టరు ఉంది. పేరు, వచ్చిన వేళ, ఎవరి కోసం. మూడో గడిలో ‘అక్క కోసం’ అని రాశాను. బల్ల అవతల నుంచి ఆమె రిజిస్టరు తన వైపు తిప్పుకుని చదివింది. చెవి మీద పెన్సిలుంది, కానీ సొరుగులోంచి పెన్ను తీసింది. ‘అక్క’ అన్న మాట మీద ఒక్క గీత కొట్టింది, కింద అక్షరాలు కనబడేలాగే. పైన ‘రికార్డుల గుమాస్తా’ అని రాసి, పక్కన పొట్టి సంతకం, తేదీ పెట్టింది.

తర్వాత బీరువాలోంచి, గుడ్డలో చుట్టి చీటీ కట్టిన పాత డిస్కు తెచ్చి నా ముందు పెట్టింది.

“కూర్చోండి” అంది. “మూడు మిగిలాయి.”